టబ్బు మీద నంబరు

ఫ్రెండ్స్, ముందు ఒక క్లారిటీ ఇచ్చి మొదలుపెడతాను. మాది కాసిపేట. కాజీపేట కాదు. కాజీపేట అంటే వరంగల్ పక్కనున్న రైల్వే జంక్షన్. కాసిపేట అంటే మంచిర్యాల జిల్లాలో, బెల్లంపల్లి దగ్గర, ఒకవైపు సింగరేణి బొగ్గు బాయిలు, ఇంకోవైపు దేవాపూర్ సిమెంట్ ఫ్యాక్టరీ ఉన్న మండలం. ఫస్టియర్‌లో ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

దీని తర్వాత నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇంకోటి ఉంది. "నువ్వు సినిమా వెబ్‌సైట్‌కి రాస్తావంట కదా, మరి నీ పేరు ఎక్కడా కనిపించదేంది?" ఇన్నాళ్ళూ నవ్వి తప్పించుకున్నాను. ఈసారి మన పత్రికలోనే జవాబు రాస్తున్నాను. ఎందుకంటే మన హాస్టల్లో ఇప్పుడు నాకు తెలిసి ఐదారుగురు ఇదే పని చేస్తున్నారు. వచ్చే ఏడు ఇంకొందరు చేరతారు. వాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: పేరు లేకుండా రాయకండి. పేరు పిచ్చితో అంటున్న మాట అనుకోవద్దు. మనకు రావాల్సిన పైసలకూ, మనం చేసే తప్పులకూ దీనితోనే లంకె ఉంది.

నేను ఈ పనిలో దిగింది 2023 ఫిబ్రవరిలో, ఫస్టియర్ సెకండ్ సెమ్. ఒక సీనియర్ వాట్సాప్ స్టేటస్ చూశాను. తెలుగు కంటెంట్ రైటర్లు కావాలి, సినిమా మీద ఇంట్రెస్ట్ ఉంటే చాలు, ఎక్కడినుంచైనా రాయొచ్చు అని ఉంది. మూడు ఐటమ్స్ రాసి పంపితే ఓకే అన్నారు. చిన్న ఐటమ్‌కి 60 రూపాయలు, పెద్ద వ్యాసానికి 150. కాగితం లేదు, సంతకం లేదు. ఒక వాట్సాప్ గ్రూప్‌లో కలిపారు, అంతే. నాకు అప్పుడు అది సినిమా ఇండస్ట్రీలో అడుగు పెట్టినట్టే అనిపించింది.

పని ఏంటో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా నా స్లాట్. ఒక హీరోయిన్ ఇన్‌స్టాలో ఫోటో పెడుతుంది. దాని మీద 300 పదాలు రాయాలి. అందులో విషయం 30 పదాలే. మిగతా 270 పదాలకి "ఈ క్రమంలోనే", "ఇదిలా ఉంటే", "ప్రస్తుతం నెట్టింట వైరల్ అవుతోంది", "మరి ఏం జరుగుతుందో చూడాలి" అని నీళ్ళు కలపాలి. టైటిల్‌లో అసలు సంగతి చెప్పకూడదు, చెప్తే ఎవరూ క్లిక్ చేయరు. కీవర్డ్ మొదటి పేరాలో రావాలి. ఫోటో సైజు సరిచేయాలి. ఇదంతా 25 నిమిషాల్లో అయితేనే గిట్టుబాటు. ఈ పని తప్పని నేను అనను. తక్కువ టైమ్‌లో తప్పుల్లేకుండా టైప్ చేయడం, వాక్యాన్ని చిన్నగా విరవడం నాకు అక్కడే వచ్చింది.

ఇక 2023 మార్చి. ఆ నెల నాకు మొదటి పూర్తి నెల. తెలుగు సినిమా వార్తలకు అంతకంటే పెద్ద నెల ఉంటుందా అనిపించింది. మార్చి 3న 'బలగం' వచ్చింది. 13 పొద్దున 'నాటు నాటు'కి ఆస్కార్. జేఎన్‌టీయూలో ఇంజినీరింగ్ చదివిన చంద్రబోస్ ఆ స్టేజీ మీద ఉన్నాడని హాస్టలంతా ఒకటే గోల. ఆ ఒక్క రోజే నేను తొమ్మిది ఐటమ్స్ రాశాను, రెండు క్లాసులు ఎగ్గొట్టి. 30న శ్రీరామనవమి నాడు 'దసరా'. ఈ రెండింటి మధ్యలో, 21న, నేను మర్చిపోలేని ఇంకో ఐటమ్.

ఆ రోజు డెస్క్ నుంచి మెసేజ్ వచ్చింది. "కోట శ్రీనివాసరావు గారు పోయారంట. పది నిమిషాల్లో కావాలి. ప్రొఫైల్ కింద పెట్టు తమ్ముడూ." ఎవరు చెప్పారు అని నేను అడగలేదు. సోషల్ మీడియాలో అప్పటికే ఫోటోలూ దండాలూ తిరుగుతున్నాయి. 'ప్రాణం ఖరీదు'తో మొదలైన ప్రయాణం, 'అహ నా పెళ్ళంట'లో పిసినారి, పద్మశ్రీ, అన్నీ పేర్చి, శోకసంద్రం అని టైటిల్ పెట్టి పన్నెండు నిమిషాల్లో పంపాను. రెండు నిమిషాలు లేటయిందని తిట్టారు కూడా. కొంచెం సేపటికి ఆయనే వీడియోలో కనిపించారు. తాను బతికే ఉన్నానని, ఇలాంటి పుకార్లు నమ్మొద్దని ఆ పెద్దాయన స్వయంగా చెప్పుకోవాల్సి వచ్చింది. మరునాడు ఉగాది.

మా ఐటమ్ డిలీట్ చేశారు. సవరణ లేదు, క్షమాపణ లేదు. ఆ నిమిషంలో నాకు కలిగిన మొదటి ఫీలింగ్ ఏంటో నిజాయితీగా చెప్తాను. సిగ్గు కాదు. "హమ్మయ్య, నా పేరు లేదు" అనుకున్నాను. అందరి ఐటమ్స్ కింద ఉన్నట్టే దాని కింద కూడా "వెబ్ డెస్క్" అని ఉంది.

తొమ్మిది రోజుల తర్వాత 'దసరా'. పండక్కి ఇంటికి పోయి మంచిర్యాలలో మా వాడ పిలగాళ్ళతో చూశాను. డైరెక్టర్ శ్రీకాంత్ ఓదెలది మా బొగ్గు బెల్టే, గోదావరిఖని వైపు. గూడ్స్ బండి మీదికెక్కి బొగ్గు దింపే సీన్ వచ్చినప్పుడు మా వరసలో ఈలలు ఆగలేదు. మిగతా ఊళ్ళవాళ్ళకి అది హీరో ఎంట్రీ. మాకు, ఇంటి పొయ్యిలోకి బొగ్గు ఎట్లా వచ్చేదో అందరికీ తెలిసీ ఎవరూ బయటికి చెప్పని సంగతి. రాత్రి కూర్చుని 1,100 పదాలు రాశాను. ఎవరూ అడగలేదు. ఒక్క "నెట్టింట" కూడా వాడలేదు. బొగ్గు దుమ్ము పడ్డ బట్టలు మా అమ్మ ఎట్లా ఉతికేదో, ఆ యాస థియేటర్లో వింటే ఎట్లా ఉందో రాశాను. నా బతుకులో అప్పటిదాకా రాసిన వాటిల్లో అదే మంచిది.

డెస్క్ అన్న జవాబు: "బాగుంది తమ్ముడూ. కానీ దీనికి వ్యూస్ రావు. ఫస్ట్ డే కలెక్షన్స్ పెట్టు."

రెండు రోజులకి అది వచ్చింది. 1,100 పదాలు 400 అయ్యాయి. టైటిల్, 'దసరా'లో ఎవరూ గమనించని సీక్రెట్ ఇదే, తెలిస్తే షాక్ అవుతారు అని. 400 పదాలే కాబట్టి పెద్ద వ్యాసం రేటు రాదు, 60 రూపాయలే. కింద పేరు, వెబ్ డెస్క్.

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం అది మా తాతకి చదివి వినిపించాను. తాత బెల్లంపల్లి గనుల్లో కోల్ ఫిల్లర్. అంటే లోపల పేలిన బొగ్గును తట్టా చెమ్మసుతో టబ్బులకెత్తే పని. నెల జీతం కాదు, ఎన్ని టబ్బులు నింపితే అన్ని పైసలు. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"గిది నువ్వే రాసినవా?"

"అవు తాతా."

"మరి నీ పేరేది?"

"పేరు పెట్టరు తాతా. గట్లనే ఉంటది."

"పేరు లేకుంటె పైసలు ఎట్ల లెక్కగడ్తరు?"

"నేనే రాసుకుంట. నెలాఖరుకు పంపుత. ఆళ్ళు చూసి ఇస్తరు."

తాత కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మేము టబ్బు నింపినంక దాని మీద మా గ్యాంగు నంబరు చాక్‌పీసుతోటి ఏసెటోళ్ళం. నంబరు లేని టబ్బు పైకి పోయిందనుకో, అది ఎవ్వని లెక్కల పడదు. పొద్దంత చెమట కార్చినా ఉత్తదే బిడ్డా."

నేను నవ్వాను. నా దగ్గర ఎక్సెల్ షీట్ కూడా లేదని అప్పుడు గుర్తొచ్చింది. తాత ఆగలేదు. "ఇంకోటి. టబ్బుల బొగ్గుకు బదులు రాయి వచ్చిందనుకో, నంబరు జూసి పిలుస్తరు. ఎవడ్రా గీ రాయి నింపింది అని. అప్పుడు తప్పించుకునే తందుకు లేదు."

ఎందుకో ఆయనకి కోట గారి సంగతి చెప్పేశాను. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు అప్పటిదాకా. అంతా విని తాత అడిగింది ఒక్కటే. "మరి గా రాయి నింపింది నువ్వే గదా?"

అవును, నేనే.

ఈ వ్యాసంలో నా వాదనంతా ఈ రెండు టబ్బుల మీదే నిలబడింది. మంచి టబ్బు మీద నంబరు లేకపోతే నాకు నష్టం. రాయి ఉన్న టబ్బు మీద నంబరు లేకపోతే చదివేవాళ్ళకి నష్టం. మనం మొదటిదాని గురించే బాధపడతాం. రెండోదాని గురించి హమ్మయ్య అనుకుంటాం. రెండూ ఒకే "వెబ్ డెస్క్" కింద జరుగుతున్నాయని గమనించం.

ముందు పైసల సంగతి. ఆ మార్చిలో నా లెక్క ప్రకారం 43 ఐటమ్స్. 60 చొప్పున 2,580 రూపాయలు. జూన్‌లో ఫోన్‌పేకి వచ్చింది 1,800. అంటే 30 ఐటమ్స్‌కి. మిగతా 13 ఏవి అని అడిగితే కొన్ని రిజెక్ట్ అయ్యాయన్నారు. ఏవి రిజెక్ట్ అయ్యాయి అంటే లిస్ట్ లేదు. ఇంకోసారి అడిగితే టీడీఎస్ కట్ అయిందన్నారు. నాకప్పటికి పాన్ కార్డే లేదు, వాళ్ళు అడగనూ లేదు. నిజంగా టీడీఎస్ కడితే అది మన పాన్ మీద 26ఏఎస్ ఫారంలో కనపడాలని తర్వాత తెలిసింది. ఆ 13 ఐటమ్స్‌లో కొన్ని సైట్‌లో అప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. కానీ అవి నేనే రాశానని చూపించడానికి వాటి మీద నా గుర్తు ఏదీ లేదు.

పీస్ రేటు అంటే అన్యాయమే అని కాదు. మా తాత బతికిందే పీస్ రేటు మీద. కానీ బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందాల్లో పీస్ రేటు కార్మికులకి ఫాల్‌బ్యాక్ వేజ్ అని ఒకటుంది. తన తప్పు లేకుండా పని దొరకని రోజున కూడా ఇంత తగ్గకుండా ఇవ్వాలి అని. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఒక్క రోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోస్తామన్నందుకు 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు పని ఆపారు. వాళ్ళు ఒక గ్యాంగు. టబ్బుకి ఎంతో అందరికీ తెలుసు. మనం ఎవరి రూమ్‌లో వాళ్ళం, ఎవరి చాట్ వాళ్ళది. సెకండియర్‌లో ఒకరోజు మెస్‌లో మాటల్లో తెలిసింది, మన హాస్టల్లోనే ఇంకో ఇద్దరు అదే సైట్‌కి రాస్తున్నారని. ఒకడికి 80, ఒకడికి 50, నాకు 60. ఒకే డెస్క్, మూడు రేట్లు. ముగ్గురం కలిసి ఒకే మెసేజ్ పెట్టాం. వారంలో ముగ్గురికీ 75 అయింది. 56 రోజులు అక్కర్లేదు, ఒక్క ప్లేట్ ఇడ్లీ తినేంతసేపు సరిపోయింది.

ఇప్పుడు చట్టం సంగతి. మనం టెక్స్ట్‌బుక్ తప్ప వేరే ఏదీ చదవం కాబట్టి క్లుప్తంగా చెప్తాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఉద్యోగిగా కాకుండా ఫ్రీలాన్స్‌గా రాసినదానికి మొదటి హక్కుదారు, వేరే ఒప్పందం లేకపోతే, రాసినవాళ్ళే. అది సెక్షన్ 17. ఆ హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అది సెక్షన్ 19. హక్కులు అమ్మేసుకున్న తర్వాత కూడా ఇది రాసింది నేనే అని చెప్పుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటుంది. అది సెక్షన్ 57. వార్తలోని విషయం ఎవరి సొత్తూ కాదు, దాన్ని మనం రాసిన వాక్యాలు మాత్రం మనవి. 60 రూపాయల ఐటమ్ కోసం ఎవరూ కోర్టుకి పోరు, నేనూ పోను. కానీ పేరు పెట్టమని అడిగేటప్పుడు మనం బతిమాలుతున్నట్టు అడగక్కర్లేదు.

ఎదుటివాళ్ళ మాట కూడా చెప్పాలి. చిన్న తెలుగు సైట్ నడిపేవాళ్ళు కోటీశ్వరులేం కాదు. వ్యూస్ ఉంటేనే యాడ్స్, యాడ్స్ ఉంటేనే మాకు పైసలు. పైగా యాడ్స్ ఇచ్చేది కూడా తరచూ ఆ సినిమాల వాళ్ళే. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో, తన ఫౌండేషన్ మీద వచ్చిన రాతలకి విజయ్ దేవరకొండ గాసిప్ సైట్ల మీద వీడియో పెడితే ఇండస్ట్రీలో చాలామంది ఆయన వైపు నిలబడ్డారు. ఆ గొడవలో సైట్ల పేర్లు వినిపించాయి, హీరోల పేర్లు వినిపించాయి. ఆ సైట్లలో రాత్రిపూట కూర్చుని టైప్ చేసేవాళ్ళ గురించి ఎవరూ అడగలేదు. ఎందుకంటే వాళ్ళు ఎక్కడా లేరు.

డెస్క్ అన్న నాకు చెప్పిన కారణం ఇంకోటి. "పేరు పెడితే ఫ్యాన్స్ నిన్ను ట్రోల్ చేస్తారు తమ్ముడూ, నీ మంచికే." ఇందులో నిజం ఉంది. ఒక పెద్ద హీరో సినిమాకి తక్కువ రేటింగ్ ఇస్తే ఇంట్లోవాళ్ళని కూడా వదలరు. మన అమ్మాయిలకైతే ఇంకా ఘోరం. కానీ మా తాత టబ్బు మీద వేసింది కూడా తన పేరు కాదు, నంబరే. కలం పేరు పెట్టుకోండి. ప్రతిసారీ అదే పేరు ఉంటే చాలు. 1999లో మొదలైన ఐడిల్‌బ్రెయిన్‌లో రివ్యూ అంటే "జీవి ఎంత ఇచ్చాడు" అని అడిగే అలవాటు మన అన్నల తరానికి ఉండేది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది ఫలానా మనిషి మాట అని తెలిసేది. అంతకుముందు ముళ్ళపూడి వెంకటరమణ సినిమా రచయిత కాకముందే ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాశారు. ఆయన చురకలు ఎవరివో జనానికి తెలుసు కాబట్టే వాటికి విలువ వచ్చింది.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. "ఇప్పుడు ఇదంతా ఏఐ రాసేస్తోంది కదా, ఇంకా పేరేంటి?" నిజమే. నేను రాసే ఇన్‌స్టా ఐటమ్స్ ఇప్పుడు చాలావరకు అదే రాస్తోంది. నేను వదిలేసిన ఆ సైట్‌లో రోజుకి ఐటమ్స్ రెట్టింపయ్యాయి. కింద పేరు మాత్రం అదే, వెబ్ డెస్క్. అందుకే ఇప్పుడే పేరు ఇంకా ఎక్కువ కావాలంటాను. అందరూ ఒకే గొంతులో రాసిన చోట పన్నెండు నిమిషాల్లో మనిషిని చంపేసినా ఎవరి చేతికీ మట్టి అంటదు.

నేను ఆ సైట్‌కి 14 నెలలు రాశాను. చివరి రెండు నెలల పైసలు ఇప్పటికీ రాలేదు. ఇప్పుడు ఇంకో వెబ్ పత్రికకి నెలకి రెండు వ్యాసాలు రాస్తున్నాను, "కాసిపేట పిలగాడు" అనే పేరుతో. వ్యాసానికి 500. మునుపటి కంటే తక్కువ రాస్తున్నాను, కలెక్షన్లు అసలు రాయడం లేదు. ఒక షీట్ పెట్టుకున్నాను. తేదీ, టైటిల్, లింక్, స్క్రీన్‌షాట్, పదాలు, రేటు, పైసలు వచ్చిన రోజు. చివర్లో ఇంకో కాలమ్ ఉంది: ఈ విషయం నాకు ఎవరు చెప్పారు. అది ఖాళీగా ఉంటే ఐటమ్ పంపను.

2025 జులై 13న కోట గారు నిజంగానే కన్నుమూశారు. ఆ పొద్దున ఫోన్‌లో వార్త చూసి నాలుగు చోట్ల సరిచూసుకున్నాను. ఆ రోజు ఆయన మీద రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగినా రాయలేకపోయేవాణ్ణేమో.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా చెక్‌లిస్ట్ చిన్నదే. రేటు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, పేరు పెడతారా, ఈ మూడూ మొదటి ఐటమ్‌కి ముందే మెసేజ్‌లో రాయించుకోండి. మీ రేటు పక్క రూమ్ వాడికి చెప్పండి. చావు వార్త అయితే కుటుంబమో ఆసుపత్రో చెప్పేదాకా ఆగండి, రెండు నిమిషాలు లేటని తిట్టనివ్వండి. తప్పు రాస్తే డిలీట్ కాదు, సవరణ వేయమని అడగండి.

చివరగా మన ఎడిటోరియల్ టీమ్‌కి ఒక విన్నపం. పోయిన సంచికలో రెండు వ్యాసాల కింద "క్లబ్ టీమ్" అని ఉంది. అందులో ఒకటి నేను రాసిందే. రెండోది ఎవరు రాశారో నాకు తెలియదు, చాలా బాగుంది, చెప్దామంటే మనిషి దొరకడం లేదు. ఈ సంచిక నుంచి రాసినవాళ్ళ పేరే కాదు, ప్రూఫ్ చూసినవాళ్ళ పేరు కూడా పెట్టండి. ఇందులో ఎక్కడైనా రాయి కనపడితే నన్ను పిలవండి. నంబరు కింద వేశాను.

కాసిపేట పిలగాడు
ఫైనలియర్, ఈసీఈ